రెండువందల ఎనభై ఎనిమిదేళ్ల కట్టడం

ఆ వేసవిలో ప్రభుత్వానికి పాతవాటి మీద ప్రేమ పుట్టింది. మా ఊళ్లో గుర్రపుబళ్ల కాలంనాటి నీళ్లతొట్టికి కంచె వేశారు. సినిమా హాలు కూల్చేశాక, దాని టిక్కెట్ల కిటికీని మాత్రం ఖాళీ స్థలం మధ్యలో నిలబెట్టి బోర్డు తగిలించారు. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. తామరవలస చెరువుకి వెళ్లి నాలుగు రోజులు ఉండొద్దామన్న ఆలోచన రాకపోతే మాకూ కలిగేది కాదు.

మేమంటే నలుగురం. నా పేరు సాంబమూర్తి, తపాలా ఆఫీసులో చేసి రిటైరయ్యాను. వయసు డెబ్భై రెండు. జుట్టు చూసినవాళ్లు అంత ఉండదంటారు, అందుకు నేను పడే శ్రమ నాకే తెలుసు. సువర్ణలత టీచరుగారు బాలికల హైస్కూల్లో లెక్కలు చెప్పారు. సుగుణమ్మగారు పెద్దాసుపత్రిలో నర్సుగా చేశారు, కిందటేడే కుడి మోకాలు మార్పించుకున్నారు. జోగినాయుడు మా అందరిలోకీ పెద్ద, లారీ డ్రైవరు. సాయంత్రమైతే నలుగురం మునిసిపల్ పార్కులో ఒకే సిమెంటు బెంచీ మీద కూర్చుంటాం.

చెరువు ఆలోచన నాయుడిదే.

“ముప్పై ఏళ్లు ఆ సెరువు గట్టు మీంచే లోడేసుకుని ఎల్లాను మూర్తిగారూ. ఒక్కపాలి బండాపి కాళ్లు తడుపుకోలేదు. ఎనక ఓనరు తిడతాడు, ముందు పోలీసోడు నిలబడతాడు. ఇప్పుడు ఆళ్లిద్దరూ లేరు. ఓపాలి దిగి తానం చేసి, అక్కడ దొరికే సేప పులుసు తినేసి వచ్చేద్దారి,” అన్నాడు.

అడిగినవాడు అడిగిన తీరు అలాంటిది. ముగ్గురం సరేనన్నాం.

చెరువు ఒడ్డున ప్రభుత్వం వారి విడిది ఉంది. దాని బుకింగు ఆఫీసు మా ఊళ్లోనే. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడు.

“బృందం పేరు చెప్పండి,” అన్నాడు.

“పేరేం లేదు నాయనా, నలుగురం స్నేహితులం,” అన్నారు టీచరుగారు.

“పేరు లేకపోతే కంప్యూటరు ముందుకెళ్లదండీ.”

‘సాయంత్రం బెంచీ’ అని రాయించాం. తరవాత వయసు అడిగాడు. నాలుగు వయసులూ చెప్పాం. అతను నాలుగూ కూడి ఒకే గడిలో రాశాడు.

“అదేమిటి, కూడేశావు?” అన్నాను.

“కొత్త నిబంధనండీ. బృందాన్ని ఒకే యూనిట్టుగా చూడాలి. ఒకే పేరు, ఒకే చిరునామా, ఒకే వయసు.”

అంతలో కంప్యూటరు ఒక రకమైన మోత చేసింది. కుర్రాడు తెర చూశాడు, మమ్మల్ని చూశాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మీకు రెండువందల ఎనభై ఎనిమిదేళ్లండీ,” అన్నాడు.

రెండువందల యాభై ఏళ్లు దాటినది ‘ఏ స్వభావము గలదైనను’ పురాతన కట్టడమేనట. దాన్ని చెరువు దగ్గరికి తేవాలంటే ప్రాచీన నిర్మాణాల పరిరక్షణ కార్యాలయం అనుమతి కావాలట. పోనీ విడివిడిగా రాసుకోమన్నాం. ఈ వేసవికి గదులు బృందాలకే గాని మనుషులకు ఇవ్వడం లేదని చెప్పాడు.

పరిరక్షణ కార్యాలయంలో సహాయ సంచాలకులు త్రివిక్రమరావుగారు మా కాగితం రెండుసార్లు చదివారు. ఆయన ఏది మాట్లాడినా కింద సంతకం పెట్టుకోవచ్చనిపించేది.

“మీ వ్యక్తిగత వయస్సుల విషయమై ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. సమష్టి వయస్సు విషయమై మాత్రము చర్య తీసుకొనవలసి యున్నది,” అన్నారు.

“ఏం చర్యండీ?” అన్నాను.

“పరిరక్షణ.”

“ఎవర్నించి?” అని సుగుణమ్మగారు అడిగారు.

“అది పరిరక్షణ అనంతరము నిర్ధారించబడును.”

మర్నాడు సాయంత్రం ఆయనే సిబ్బందితో బెంచీ దగ్గరకు తనిఖీకి వచ్చారు. చిన్న సుత్తితో నా భుజం మీద మెల్లగా తట్టి, చెవి పెట్టి విన్నారు. “లోపల కొంత డొల్ల,” అని గుమాస్తాకి చెప్పారు. నాయుడు ముప్పై ఏళ్లు లారీ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసినవాడు కాబట్టి, కూర్చున్నా కొంచెం అటే వాలతాడు. “కుడి వైపునకు ఒరుగుదల. ప్రాచీనమైనదే, సరిచేయరాదు,” అన్నారు. సుగుణమ్మగారి మోకాలి దగ్గర మాత్రం ఆయన మొహం గంభీరమైపోయింది.

“ఇది అనుమతి లేని మార్పు. అసలు భాగమెక్కడ?”

“ఆపరేషన్ చేసిన డాక్టర్లనడగండి. పారేసుంటారు,” అన్నారావిడ.

“శిథిలములను పారవేయుట శిక్షార్హమైన నేరము. ఈసారికి మందలించి విడిచిపెట్టుచున్నాము.”

తరవాత నా తల చూశారు. వేలితో గీకి చూశారు. “ఉపరితలమునకు ఇటీవలి కాలపు రంగు పూత. తొలగించవలెను,” అన్నారు.

ఇద్దరు మనుషులు బకెట్టు నీళ్లతో, ఏదో సబ్బుతో అరగంట తోమారు. ఇరవై ఏళ్లుగా నా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ చూడని తెల్లజుట్టు పార్కులో బయటపడింది. నేను తలెత్తలేకపోయాను.

“ఇదే బాగుందండీ మూర్తిగారూ. ఆ నలుపులో మీరెవరో వేరే మనిషిలా ఉండేవారు,” అన్నారు టీచరుగారు.

ఆవిడ గురించి మాత్రం ‘యథాతథ స్థితిలో నున్నది’ అని రాసుకున్నారు. అప్పటిదాకా ఈ వ్యవహారమంతా పిచ్చి అని తిడుతున్న మనిషి, ఆ మాట విన్నాక కాస్త మెత్తబడ్డారు.

అలా మేం పరిరక్షిత కట్టడమయ్యాం. బోర్డు కూడా పెట్టారు. సంతోషించి, ఇక చెరువుకి వెళ్లొచ్చా అని అడిగాం.

“పరిరక్షిత కట్టడమును ఉన్న చోటి నుండి కదల్చరాదు,” అన్నారు త్రివిక్రమరావుగారు.

నాయుడు ముందుకు వంగి, “బాబూ, ఓ మాట. ఆనకట్ట కట్టినప్పుడు గుడి మునిగిపోతాదని రాళ్లన్నీ ఇప్పి, నంబర్లేసి, మెరక మీదకి తెచ్చి మళ్లీ కట్టినారు. ఆ రాళ్లు నా లారీలోనే ఎల్లాయి. గుడి కదల్లేదా ఏటి?” అన్నాడు.

సహాయ సంచాలకులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “పూర్వ దృష్టాంతమున్నది. కానీ కట్టడము మునకకు గురి కావలెను.”

మా పార్కులో మునిసిపాలిటీ వారి గొట్టం పగిలి ఉంది. బెంచీ కింద ఎప్పుడూ మడమల లోతు నీళ్లే. గుమాస్తా కర్ర పెట్టి లోతు చూసి, ‘ముంపు ప్రాంతము’ అని ప్రకటించాడు.

“ఇంత అవమానం పడి వెళ్లాలా? పదండి ఇళ్లకి,” అన్నారు టీచరుగారు.

“ఎలాగోలాగ ఎల్దారి టీచరమ్మా. రాయిలాగ తీసుకెల్లినా సెరువు సెరువే,” అన్నాడు నాయుడు.

ఆవిడ చేతిసంచీ భుజాన తగిలించుకుని, బయల్దేరేదెప్పుడని గుమాస్తానడిగారు.

మా వీపుల మీద తెల్లరంగుతో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశారు. అందర్నీ ఒకే బండిలో ఎక్కిస్తే, ప్రమాదం జరిగినప్పుడు వారసత్వం మొత్తం ఒకేసారి నశిస్తుంది కాబట్టి నాలుగు బళ్లు పెట్టారు. చుట్టూ వరిగడ్డి కూరారు. నాయుడికి లారీ దక్కింది. దిగాక ఒంటిమీద గడ్డి దులుపుకుంటూ, “ఇన్నాళ్లూ ముందు కూకున్నాను. ఎనకాల సరుకు ఎంత కష్టపడతాదో ఇయ్యాల తెలిసింది,” అన్నాడు.

తామరవలస చెరువు కొండల మధ్య ఎంత దూరం చూస్తే అంత దూరం పరుచుకుని ఉంది. దాన్ని మేం చూసింది బండి దిగి, ఒడ్డున మాకోసం వేసిన అలాంటి సిమెంటు బెంచీయే ఎక్కేలోపు, అంతే. ఎందుకంటే పార్కులో మా బెంచీ తూర్పు ముఖంగా ఉండేది. సిబ్బంది దిక్సూచి పెట్టి, అంగుళం తేడా లేకుండా ఒడ్డున కూడా తూర్పు ముఖంగానే నిలబెట్టారు. చెరువు పడమరన ఉంది. మా ఎదురుగా విడిది వారి మరుగుదొడ్ల గోడ ఉంది.

“కొంచెం ఇటు తిప్పండి నాయనా, నీళ్లు చూస్తాం,” అన్నారు సుగుణమ్మగారు.

“ముఖము మార్చినచో ప్రామాణికత దెబ్బతినును,” అన్నారు త్రివిక్రమరావుగారు.

చుట్టూ ఇనప కంచె పాతారు. తేమ తగిలితే కట్టడానికి హాని కాబట్టి నీళ్ల దగ్గరికి వెళ్లకూడదన్నారు. కట్టడం లోపల భోజనాలు నిషిద్ధం కాబట్టి, పూటకోసారి ‘మరమ్మతు’ అని రాసుకుని మమ్మల్ని పక్కకి తీసుకెళ్లి ఇడ్లీలు పెట్టేవారు. చేప అడిగితే నూనె మరకలు పోవన్నారు. చీకటి పడితే మా మీద పరదా కప్పినట్టు రాసి, సామాన్ల గదిలో మడత మంచాలు వేసేవారు. మాకు కేటాయించిన గదుల్లో పరిరక్షణ కార్యాలయం మొత్తం దిగింది. తొమ్మిది మంది. పర్యవేక్షణ లేకుండా కట్టడాన్ని వదలకూడదట. పొద్దున్నా సాయంత్రమూ వాళ్లు చెరువులో ఈదులాడేవారు. వంటమనిషి వండిన చేపల పులుసు వాసన కంచె దాటి మా దాకా వచ్చేది.

సందర్శకులు బాగానే వచ్చారు. ఒక గైడును కూడా పెట్టారు.

“ఈ నలుగురూ ఒక్క రాత్రిలో వెలిశారని ప్రతీతి,” అని చెప్పేవాడతను. “ఎడమ వైపు చివర ఉన్న మూర్తి తల వెన్నెల్లో మెరుస్తుంది. మూడో మూర్తి మోకాలు విదేశీ లోహం. ఆ రోజుల్లోనే మనవాళ్లకి సముద్ర వ్యాపారం ఉండేదనడానికి ఇది సాక్ష్యం.”

“నాయనా, నేను మా ఊళ్లోనే జగదల్‌పూర్ రోడ్డు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను,” అన్నారు సుగుణమ్మగారు.

“అప్పుడప్పుడూ శబ్దాలు కూడా వినిపిస్తాయి,” అని గైడు ముందుకు సాగాడు.

ఒక కుర్రాడు కంచెలోంచి చెయ్యి పెట్టి, నా చొక్కా చేతి మీద స్కెచ్ పెన్నుతో తన పేరూ, పక్కన ఒక అమ్మాయి పేరూ రాసి, మధ్యలో బాణం వేసిన గుండె బొమ్మ గీశాడు. నేను కోప్పడబోయాను గాని, బొమ్మ పూర్తయ్యేదాకా చెయ్యి కదపలేదు. అలవాటైపోతోందని అప్పుడే భయం వేసింది.

నాయుడు మాత్రం రెండో రోజు నుంచి మాట్లాడ్డం మానేశాడు. వెనక అలల చప్పుడు వింటూ, ఎదురుగా గోడని చూస్తూ కూర్చునేవాడు. మూడో రోజు మధ్యాహ్నం నాతో మెల్లగా, “మూర్తిగారూ, ఇంటికాడ ఉన్నప్పుడు సెరువు ఇంతకన్నా దగ్గిరగా ఉండేది,” అన్నాడు.

ఆ మాట టీచరుగారి చెవిన పడింది. ఆవిడ కొంగు బిగించుకున్నారు. అప్పట్నించీ చెరువు నుంచి తడితుండుతో తిరిగొచ్చే ప్రతి ఉద్యోగినీ పలకరించడం మొదలుపెట్టారు.

“బాబూ, నీకింకా సర్వీసెంతుంది?”

“ఆరేళ్లుందమ్మా.”

“మరి నీకో తల్లీ?”

“పదమూడేళ్లండీ.”

ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్నాళ్లకి కట్టడం తమ మీద ఆసక్తి చూపించిందని వాళ్లూ ముచ్చటపడ్డారు. రిటైరయ్యే వయసులోంచి తీసేసి వయసులు కట్టడానికి, ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఆ జవాబులు చాలు. సాయంత్రానికి త్రివిక్రమరావుగారు భుజం మీద తుండుతో, పళ్లలో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటూ అటు వచ్చారు.

“సార్, మీ కార్యాలయానికి ఒకటే పేరు, ఒకటే చిరునామా కదా?” అన్నారు టీచరుగారు.

“నిస్సందేహముగా.”

“ఇక్కడికి వచ్చింది కూడా ఒకే బృందంగానే?”

“ఒకే ఉత్తరువు మీద వచ్చియున్నాము.”

“అయితే మీ వయసు నాలుగువందల అరవై మూడేళ్లండీ. మాకంటే నూట డెబ్భై అయిదేళ్లు పెద్ద. పైగా చెరువు ఒడ్డున ఉన్నారు, రోజూ తడుస్తున్నారు కూడా.”

ఆయన ముల్లు సంగతి మర్చిపోయారు. గుమాస్తాని పిలిచి కూడించారు. గుమాస్తా వేళ్ల మీద ఒకసారి, ఫోనులో ఒకసారి కూడి, ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏ స్వభావము గలదైనను,” అని గుర్తు చేశారు టీచరుగారు.

త్రివిక్రమరావుగారు ఇసకలో కూలబడ్డారు. చిన్న గొంతుతో, “అట్లయిన మమ్ములను కదల్చరాదు గదా?” అన్నారు.

“కదల్చకూడదండీ.”

“బదిలీ కూడా?”

“బదిలీ అంటే కదల్చడమే కదండీ.”

ఆయన తల దించుకుని తుండుతో మొహం తుడుచుకున్నారు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరే మనిషిదిలా ఉంది. “ఈ నెలాఖరుకి నన్ను ఎక్కడో అడవుల్లోకి వేసేస్తారంటున్నారమ్మా. మా అమ్మాయి పదో తరగతికొచ్చింది. మా ఆవిడ రోజూ ఏడుస్తోంది. ఎవర్ని కలిసినా పని కాలేదు.”

టీచరుగారు కోపంతోనే మొదలుపెట్టారు గాని, ఆ మాటలు విన్నాక ఆవిడ గొంతూ తగ్గింది. “లెక్కల్లో ఎలా ఉంటుంది మీ అమ్మాయి?” అని అడిగారు.

“కొంచెం వెనకండీ.”

“సాయంత్రాలు పార్కుకి పంపించండి. బెంచీ దగ్గరే చెబుతాను.”

ఆయన లేచి ఇసక దులుపుకున్నారు. ఆ దులపడంలో పాత మనిషి తిరిగొచ్చాడు. సిబ్బందిని వరసగా నిలబెట్టి ప్రకటన చదివారు. ఈ కార్యాలయము అత్యంత ప్రాచీనమైనదని తేలినందున, అనుమతి లేకుండా తన మూల స్థానము నుండి ఇచ్చటికి తరలి వచ్చియున్నందున, తక్షణమే వెనుకకు తరలించి, యథాస్థానములలో, అనగా కుర్చీలలో, పునఃప్రతిష్ఠించవలెనని తీర్మానమైంది. ఈ ఏటి నిధులు ఒక్క కంచెకే సరిపోతాయి కాబట్టి మా కంచె పీకి బండెక్కించారు.

“మరి మా సంగతేమిటండీ?” అన్నాను.

“మీరు ద్వితీయ శ్రేణి. నిధులు మంజూరైన పిమ్మట పరిశీలించబడును. అంతవరకు మామూలు మనుష్యులుగా కొనసాగవచ్చును.”

తొమ్మిది మందికీ వీపుల మీద అంకెలు వేసుకున్నారు. చుట్టూ గడ్డి కూరుకుని, విడివిడిగా బళ్లలో కూర్చున్నారు. వంటమనిషి గుమ్మంలో నిలబడి, అంత పులుసు ఏం చెయ్యాలో తెలియక మా వైపు చూశాడు.

బళ్లు వెళ్లిపోయాక మేం వెనక్కి తిరిగాం. చెరువు అక్కడే ఉంది. ఎండ వాలి నీళ్ల మీద పడుతోంది. నాయుడు ఒడ్డు దాకా గబగబా వెళ్లి, అక్కడ ఆగిపోయాడు.

“దిగండి అన్నయ్యగారూ,” అన్నారు సుగుణమ్మగారు.

“ఎనక ఎవడో హారన్ కొడతాడనిపిస్తంది,” అన్నాడు.

కాసేపు అందరం విన్నాం. ఎవరూ కొట్టలేదు. అతను పంచె ఎగగట్టి ఒక అడుగు వేశాడు, ఇంకోటి వేశాడు. నడుం లోతుకి వెళ్లాక ఊపిరి బిగబట్టి బుడుంగున మునిగాడు. తేలాక మా వైపు చూడలేదు. చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు. మేం కూడా పిలవలేదు. తరవాత సుగుణమ్మగారు నా చెయ్యి పట్టుకుని మోకాలి దాకా దిగారు. టీచరుగారు చీర తడవకూడదంటూనే మెడ దాకా వెళ్లారు. నేను కూడా తల ముంచాను. కారిపోతుందన్న భయం లేకుండా తల ముంచి ఎన్నేళ్లయిందో.

ఆ పూట పులుసు తొమ్మిది మందికి వండింది. నలుగురం తిన్నాం, మిగల్లేదు.

ఇంకో నాలుగు రోజులుండి ఊరికి తిరిగొచ్చాం. దారిలో పరిరక్షణ కార్యాలయం ముందు జనం కనిపిస్తే బండి ఆపించాను. భవనం చుట్టూ కంచె పాతి ఉంది. వంద మీటర్ల లోపలికి ప్రజలు రాకూడదని బోర్డు పెట్టారు. కిటికీల్లోంచి తొమ్మిది మందీ ఎవరి కుర్చీల్లో వాళ్లు కదలకుండా కూర్చుని కనిపించారు. త్రివిక్రమరావుగారి మొహం ప్రశాంతంగా ఉంది.

కంచె అవతల కాగితాల సంచీతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కోట గోడ పక్కన ఉన్న తన పాకకి కప్పు మార్చుకోవడానికి అనుమతి కోసం వచ్చాడట.

“లోపలికి రానివ్వకపోతే మీ పని ఆగిపోయినట్టేనా?” అని అడిగాను.

ఆయన కాగితాల సంచీ ఈ చంకలోంచి ఆ చంకకి మార్చుకున్నాడు.

“మొదలైతే కదండీ ఆగడానికి,” అన్నాడు.